ఉంగరం మీద గుర్తు: లాలాగూడ నుంచి స్కాట్లాండ్ దాకా ఒక వంశం వెతుకులాట

(సికింద్రాబాద్‌లో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినపడుతోందా? ఫ్యాన్ చప్పుడు ఎక్కువగా ఉంటే చెప్పండి, మైకు ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంటాను.

ముందు ఒక ఉంగరం గురించి చెప్తాను. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింట్లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. వాళ్ళ నాన్నగారు ఇంజన్ డ్రైవరు, మా నాన్నగారు గూడ్స్ ఆఫీసులో గుమాస్తా. వాళ్ళ పెద్దమ్మాయిని నేను అక్కా అని పిలిచేవాణ్ణి, ఇప్పటికీ అలాగే పిలుస్తాను. ఆవిడ ఇవాళ వచ్చారు, మూడో వరసలో కూర్చున్నారు. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను. కథ మాత్రం మొత్తం చెప్పమన్నారు.

వాళ్ళింట్లో ఒక వెండి ఉంగరం ఉండేది. దాని మీద గుండ్రంగా ఒక బెల్టు, బెల్టుకి బకిల్, మధ్యలో ఒక చిన్న బొమ్మ, చుట్టూ లాటిన్ అక్షరాలు. క్రిస్మస్ రోజున వాళ్ళ నాన్నగారు దాన్ని పెట్టెలోంచి తీసి పిల్లలందరికీ చూపించేవారు. "మా తాతగారి తాత స్కాట్లాండ్‌లో ఒక లార్డ్ కొడుకు. తండ్రితో గొడవపడి, ఇల్లు వదిలేసి, కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో ఓడ దిగాడు" అని చెప్పేవారు. వాళ్ళ ఇంటిపేరు చూస్తే నిజంగానే ఆంగస్ ప్రాంతంలో ఒక పెద్ద ప్రభు వంశం పేరే. మాకు ఇంకేం కావాలి? ఆ వయసులో మాకది పేదరాశి పెద్దమ్మ కథకంటే గొప్పగా ఉండేది.

తర్వాత నేను ఉద్యోగం మీద ఎడిన్‌బరా వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళు అక్కడే ఉన్నాను. వెళ్ళేముందు అక్క ఒక్కటే అడిగారు: "తమ్ముడూ, ఆ లార్డ్ ఎవరో కనుక్కో." ఆ ఒక్క మాట కోసం ఎన్ని శనివారాలు ప్రిన్సెస్ స్ట్రీట్ చివర ఉన్న రిజిస్టర్ హౌస్‌లో, అంటే పాత రికార్డులు దాచే ప్రభుత్వ భవనంలో, కూర్చున్నానో లెక్క లేదు. ఇవాళ మీకు చెప్పబోయేది ఆ శనివారాల్లో నేర్చుకున్నదే.

మొదటి సంవత్సరం నేను లార్డ్ దగ్గర మొదలుపెట్టాను. స్కాట్లాండ్ ప్రభు వంశాలన్నిటి మీదా సర్ జేమ్స్ బాల్ఫోర్ పాల్ సంపాదకత్వంలో 1904 నుంచి 1914 వరకు తొమ్మిది సంపుటాలు వచ్చాయి. అందులో ఆ వంశం తీసి, చిన్నకొడుకులు ఎవరెవరు, ఎవరు ఇండియా వెళ్ళారు అని వెతికాను. సరిపోయేవాడు ఒకడు దొరికాడు. సరిపోయింది అనుకున్నాను. ఏం సరిపోయింది? పేరు సరిపోయింది. కాలం సుమారుగా సరిపోయింది. అంతే! అది రుజువా? కాదు. అది నా కోరిక. వంశం వెతికేటప్పుడు పై నుంచి కిందికి దిగితే మన కోరికే మనకు దారి చూపిస్తుంది. కింద నుంచి పైకి ఎక్కాలి. నా నుంచి నాన్న, నాన్న నుంచి తాత, ఒక్కొక్క మెట్టుకీ ఒక్కొక్క కాగితం. ఒక మెట్టు కాగితం దొరక్కపోతే అక్కడే ఆగాలి. దూకకూడదు. ఈ మాట ఇవాళ రెండు మూడుసార్లు చెప్తాను, విసుక్కోకండి.

ఇంకో విషయం. అసలు ప్రభువుల రక్తం ఉండటం అంత అరుదా? లెక్క వేద్దాం. మీకు ఇద్దరు తల్లిదండ్రులు, నలుగురు తాతమ్మలు తాతయ్యలు, ఎనిమిదిమంది ముత్తాతలు ముత్తవ్వలు. ఇలా ఇరవై తరాలు వెనక్కి వెళ్తే ఆ వరసలో ఎన్ని స్థానాలు? 10,48,576. అంటే పది లక్షల పైచిలుకు. ఇరవై తరాల కింద, 1300ల్లో, మొత్తం స్కాట్లాండ్ జనాభా మహా అయితే అంతే ఉండేది. అంటే ఒకే మనిషి మన వంశంలో పదిచోట్ల, ఇరవైచోట్ల కనిపించక తప్పదు. 1371లో సింహాసనం ఎక్కిన రెండో రాబర్ట్ రాజుకి పెళ్ళిలోనూ పెళ్ళి బయటా కలిపి ఇరవైమంది దాకా పిల్లలు. వాళ్ళ పిల్లలు, వాళ్ళ పిల్లల పిల్లలు ఎక్కడికి పోతారు? చిన్నకొడుకుల చిన్నకొడుకులు రైతులయ్యారు, వర్తకులయ్యారు. కాబట్టి స్కాట్లాండ్‌లో పాతుకుపోయిన ఏ కుటుంబాన్ని తీసుకున్నా ఎక్కడో ఒక రాజు ఉండే అవకాశం చాలా ఎక్కువ. రాజు ఉండటం గొప్ప కాదు. ఆ రాజు దాకా ఒక్క మెట్టు కూడా తప్పకుండా రుజువు చూపించగలగడం, అదీ అరుదు.

ఉంగరం దగ్గరికి వస్తాను. ఆ బెల్టు, బకిల్ ఉన్నాయే, దాన్ని అక్కడ ఎవరు పెట్టుకుంటారో తెలుసా? ప్రభువు కాదు. ప్రభువు అనుచరులు. క్లాన్ అంటే ఒకే పేరు కింద ఉండే బలగం. మధ్యలో ఉన్న బొమ్మ ఆ క్లాన్ పెద్దది, ఆయన ఒక్కడి సొంతం. దాని చుట్టూ బెల్టు వేస్తే "నేను ఆయన మనిషిని" అని అర్థం. ఈ రకం బిళ్ళలు, ఉంగరాలు 19వ శతాబ్దంలో బాగా వాడుకలోకి వచ్చాయి. అంటే ఆ ఉంగరం ఏ తాతగారో తర్వాత ఎప్పుడో కొనుక్కున్నది. అది ఇచ్చే సాక్ష్యం అంతవరకే.

స్కాట్లాండ్‌లో ఈ ముద్రల విషయం, అంటే డాలు మీద వేసుకునే చిహ్నాల విషయం, చాలా గట్టిగా చూస్తారు. లార్డ్ లయన్ అనే అధికారి ఉన్నారు, ఆయనకి ఒక కోర్టు ఉంది, అది నిజంగా చట్టబద్ధమైన కోర్టు. 1672 చట్టం ప్రకారం ముద్రలన్నీ ఒకే రిజిస్టరులో నమోదు కావాలి. ముద్ర ఇంటిపేరుకి ఉండదు, మనిషికి ఉంటుంది. చిన్నకొడుకు కూడా తండ్రి ముద్రని ఉన్నదున్నట్టు వాడకూడదు, అంచులోనో రంగులోనో తేడా పెట్టించి మళ్ళీ నమోదు చేయించుకోవాలి. ఇంకొకరి ముద్ర వాడితే కేసు పెట్టొచ్చు. "మీ ఇంటిపేరు ముద్ర" అని ఫ్రేము కట్టి అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు, కొనకండి. అలాగే ఒక చదరపు అడుగు నేల కొంటే లార్డ్ అయిపోతారని అమ్ముతారు. అది కూడా నమ్మకండి. అక్కడ లెయిర్డ్ అంటే భూస్వామి. లార్డ్ అంటే రాజు ఇచ్చిన బిరుదు ఉన్నవాడు. రెండూ వేరు. మన దగ్గర ఊళ్ళో పెద్ద మోతుబరికీ, సంస్థానాధీశుడికీ ఎంత తేడా ఉందో అంత తేడా. చాలా కుటుంబాల్లో లెయిర్డ్ అనే మాట సముద్రం దాటేసరికి లార్డ్ అయిపోయింది.

కాగితాలు

సరే, కాగితాల సంగతి. వంశం వెతికేవాళ్ళకి స్కాట్లాండ్ లాంటి దేశం ఇంకోటి లేదని నా నమ్మకం. 1855 జనవరి 1 నుంచి జననం, మరణం, పెళ్ళి ప్రభుత్వ రిజిస్టరులో తప్పనిసరి. మరణం నమోదులో చనిపోయిన మనిషి తండ్రి పేరూ, తల్లి పేరూ రెండూ ఉంటాయి. తల్లి పుట్టింటి పేరుతో సహా! ఎనభై ఏళ్ళ ముసలావిడ 1860లో చనిపోతే, ఆ ఒక్క కాగితం మనల్ని 1780 దాకా తీసుకెళ్తుంది. ఇక మొదటి ఏడాది, 1855లో, జననం నమోదులో తల్లిదండ్రుల వయసు, వాళ్ళు పుట్టిన ఊరు, పెళ్ళి ఎప్పుడు ఎక్కడ అయింది, అంతకుముందు ఎంతమంది పిల్లలు, అన్నీ రాయించారు. గుమాస్తాలు రాయలేకపోయారు, మరుసటి ఏడాదే తగ్గించేశారు. 1855లో మీ వాళ్ళింట్లో ఒక బిడ్డ పుట్టి ఉంటే మీ అదృష్టమే.

1855కి ముందు చర్చి పుస్తకాలు. వాటిలో అన్నిటికంటే పాతది పెర్త్‌షైర్‌లో ఎరల్ అనే ఊరిది, 1553లో మొదలవుతుంది. చాలా ఊళ్ళలో అంత పాతవి లేవు. ఉన్నచోట కూడా ఖాళీలుంటాయి. ఇవి ప్రధానంగా స్కాట్లాండ్ అధికార చర్చివి, కాథలిక్కులు, ఎపిస్కోపల్ వాళ్ళు చాలామంది వీటికి బయట ఉండిపోయారు. ఇప్పుడివన్నీ స్కాట్లాండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇక్కడి నుంచే చూడొచ్చు.

ఇంకో సాయం ఉంది, మనకి బాగా అర్థమయ్యేది. అక్కడ చాలా కుటుంబాల్లో పెద్దకొడుక్కి నాన్న వైపు తాత పేరు, రెండో కొడుక్కి అమ్మ వైపు తాత పేరు, పెద్దకూతురికి అమ్మమ్మ పేరు, రెండో కూతురికి నాయనమ్మ పేరు పెట్టేవాళ్ళు. మన ఇళ్ళలో లాగే! ఒక జాన్‌కి పెద్దకొడుకు డేవిడ్ అయితే, జాన్ తండ్రి డేవిడ్ అయి ఉండొచ్చని వెతకడం మొదలుపెట్టొచ్చు. అయి ఉండొచ్చు అన్నాను, అయి తీరాలి అనలేదు.

భూమి ఉన్న కుటుంబాలకైతే దారి ఇంకా తేలిక. 1868 దాకా స్కాట్లాండ్‌లో భూమిని వీలునామా రాసి నేరుగా ఇచ్చుకునే వీల్లేదు. భూస్వామి చనిపోతే వారసుడు జ్యూరీ ముందు నిలబడి "నేను ఫలానావారి కొడుకుని, ఆయన ఫలానావారి కొడుకు" అని నిరూపించుకోవాలి. అవన్నీ నమోదై ఉన్నాయి, చాలాకాలం లాటిన్‌లో. భూమి చేతులు మారినప్పుడు రాసిన రిజిస్టరు 1617 నుంచి ఉంది. మన సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజులు నాలుగు వందల ఏళ్ళవి వరసగా దొరికితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కాబట్టి ఎవరైనా "మాది ప్రభు వంశం, కాగితాలు మాత్రం ఏవీ దొరకవు" అంటే కాస్త ఆలోచించాలి. భూమి ఉన్నవాళ్ళకి కాగితం ఉంటుంది. కాగితం లేనిది పేదవాళ్ళకి.

ఇక్కడ మనవైపు మాట ఒకటి చెప్పాలి. మన జమీందారుల వంశావళులు, ఊళ్ళ చరిత్రలు రాసిన కైఫియ్యతులు మనకెవరి వల్ల మిగిలాయి? కంపెనీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ. ఆయన ఎక్కడివాడు? స్కాట్లాండ్‌లో లూయిస్ దీవి, స్టోర్నోవే. ఇండియా రాకముందు ఆయన చేసిన పనేమిటో తెలిస్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. నేపియర్ ప్రభువు ఒకాయన తన పూర్వీకుడి జీవిత చరిత్ర రాయించాలనుకున్నాడు. ఆ పూర్వీకుడు లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్. అందుకోసం హిందువుల గణితం గురించి సమాచారం సేకరించే పనిలో మెకంజీని పెట్టుకున్నాడు. అంటే ఒక స్కాటిష్ ప్రభువు తన వంశం గురించి పడ్డ ఆరాటంలోంచే మెకంజీకి మన దేశం మీద ఆసక్తి పుట్టింది. 1783లో మద్రాసు వచ్చాడు. ఆయన దగ్గర పనిచేసిన, ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఊరూరా తిరిగి కరణాలతో మాట్లాడి రాయించారు. వాళ్ళు లేకపోతే మెకంజీ లేడు. మన వంశావళులకి స్కాట్లాండ్‌తో ఉన్న ఈ బంధం మన పిల్లలకి చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

రక్తం

ఇప్పుడు డీఎన్‌ఏ. ఉమ్మి తీసిన గొట్టమో, బుగ్గ లోపల తిప్పిన దూదిపుల్లో పంపిస్తే చాలు, వంశం మొత్తం బయటికొచ్చేస్తుందని అనుకుంటాం. రాదు. మూడు రకాల పరీక్షలున్నాయి, ఒక్కొక్కటి ఒక్కొక్క దారినే చూపిస్తుంది.

మొదటిది మామూలుగా అందరూ చేయించుకునేది. అన్ని వైపుల నుంచీ వచ్చిన డీఎన్‌ఏ చూస్తుంది. కానీ తరం తరానికీ సగం సగం అవుతుంది. మూడో తరం కజిన్లలో దాదాపు పదిమందిలో ఒకరికి అసలు ఏమీ కలవదు. నాలుగో తరం కజిన్లయితే సగంమందికి కలవదు. కలవలేదంటే చుట్టరికం లేదని కాదు. ఇక "మీరు ఇరవై శాతం స్కాటిష్" అనే ఫలితం ఉంటుందే, అందులో ప్రభువు ఎవరు, పాలేరు ఎవరు అని రాసి ఉండదు.

రెండోది వై క్రోమోజోమ్. తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది, దాదాపు మారకుండా. మన ఇంటిపేరు లాగ, గోత్రం లాగ. ఒక్క మాటలో ఇది దాయాదుల పరీక్ష. ఆడవాళ్ళకి ఇది ఉండదు కాబట్టి అన్నో తమ్ముడో బాబాయి కొడుకో చేయించుకోవాలి. మూడోది మైటోకాండ్రియా డీఎన్‌ఏ. తల్లి నుంచి పిల్లలకి వస్తుంది, కూతురి ద్వారానే ముందుకి వెళ్తుంది. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ అమ్మ, అలా.

ఈ మూడోదానికి మన దేశంతో ముడిపడిన ఉదాహరణ ఉంది. అబర్డీన్‌షైర్ నుంచి సూరత్ వచ్చిన థియొడోర్ ఫోర్బ్స్ అనే వర్తకుడికి ఎలైజా కెవార్క్ అనే ఆమె వల్ల ఒక కూతురు పుట్టింది, కేథరిన్. ఆ పిల్లని చిన్నప్పుడే స్కాట్లాండ్ పంపేశారు. ఎలైజా అర్మేనియన్ అని కుటుంబంలో చెప్పుకునేవాళ్ళు. ఆ కేథరిన్ నుంచి కూతురు, కూతురి కూతురు, అలా వరసగా వస్తే బ్రిటన్ యువరాణి డయానా. ఆ తల్లివరసలోని బంధువుల్ని పరీక్షిస్తే ఆర్30బీ అనే రకం వచ్చింది, అది భారతదేశం వైపు కనిపించేది. 2013లో ఈ సంగతి ప్రకటించారు. ఎలైజా తండ్రి అర్మేనియన్ అయి ఉండొచ్చు, ఆ పరీక్ష ఆయన గురించి ఏమీ చెప్పదు. కానీ ఆమె తల్లివరస మాత్రం ఈ నేల మీదిదే.

వై పరీక్షకి వద్దాం. మెక్‌డొనాల్డ్ క్లాన్ మూలపురుషుడు సోమర్లెడ్, 1164లో యుద్ధంలో చనిపోయాడు. పడమటి దీవుల్లో నార్వేవాళ్ళ పెత్తనాన్ని ఎదిరించిన గేలిక్ వీరుడని పేరు. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ ఆ వంశం పెద్దల్ని, వేర్వేరు శాఖలవాళ్ళని, ఐదుగుర్ని పరీక్షించారు. ఐదుగురిదీ ఒకటే వై క్రోమోజోమ్. ఎనిమిది వందల ఏళ్ళ వంశావళి నిలబడింది! కానీ ఆ వై రకం ఎక్కడిది? నార్వే వైపుది. కాగితం చెప్పిన వంశం నిజం, పాట చెప్పిన మూలం వేరు. ఇంకా చూడండి, మెక్‌డొనాల్డ్ అనే పేరున్నవాళ్ళలో ఎక్కువమందికి ఆ వై లేదు. ఎందుకుంటుంది? దొర పేరే కౌల్దార్లు పెట్టుకున్నారు. 1603లో రాజు మెక్‌గ్రెగర్ అనే పేరునే నిషేధించాడు. వాళ్ళు క్యాంప్‌బెల్ అనో, ముర్రే అనో, డ్రమండ్ అనో మార్చుకుని బతికారు. 1774 దాకా ఆ నిషేధం పూర్తిగా పోలేదు. ఇక ఇంటిపేరు చూసి రక్తం చెప్పగలమా?

ఇప్పుడు చెప్పేది కొంచెం జాగ్రత్తగా వినండి. నా దృష్టిలో ఈ విషయం మొత్తానికి గుండెకాయ ఇదే.

1683 జనవరి 5న రెండో ఛార్లెస్ రాజు స్టిచిల్ ఊరికి చెందిన రాబర్ట్ ప్రింగిల్‌కి బారొనెట్ బిరుదు ఇచ్చాడు. బారొనెట్ అంటే వంశపారంపర్యంగా వచ్చే "సర్". లార్డ్ కంటే ఒక మెట్టు కింద. రాజపత్రంలో ఆయనకీ, ఆయన దేహం నుంచి పుట్టిన మగ వారసులకీ అని రాశారు. "దేహం నుంచి". ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఎనిమిదో బారొనెట్ 1919లో చనిపోయారు. తమ పెద్దకొడుకే వారసుడని ఆయన భార్య ప్రమాణపత్రం రాసిచ్చింది. ఆ కొడుకు తొమ్మిదో బారొనెట్, ఆయన కొడుకు సర్ స్టూవర్ట్ పదో బారొనెట్. ఈ సర్ స్టూవర్ట్ రాయల్ మెరీన్స్‌లో లెఫ్టినెంట్ జనరల్, 1981లో కారు కింద పెట్టిన బాంబు పేలి కాలు పోగొట్టుకున్న మనిషి. ప్రింగిల్ క్లాన్‌కి పెద్ద ఎవరో తేల్చడానికి ఇంటిపేరువాళ్ళందరి వై పరీక్షలు చేస్తుంటే, ఆయన కూడా మంచి మనసుతో తన నమూనా ఇచ్చారు. ఫలితం ఏం వచ్చింది? ఆయనది దాయాదులతో కలవలేదు. ఎనిమిదో బారొనెట్ రెండో కొడుకు వరసలో ఒక అకౌంటెంట్ ఉన్నారు, ఆయనది మాత్రం మొదటి బారొనెట్ నుంచి వచ్చిన ఇంకో శాఖతో కలిసింది. అంటే ఎక్కడ తెగింది? తొమ్మిదో బారొనెట్ పుట్టుక దగ్గర.

2013లో సర్ స్టూవర్ట్ పోయాక బిరుదు కోసం ఆయన కొడుకు ఒకవైపు, ఆ దాయాది ఒకవైపు. రాణి ఆ ప్రశ్నని ప్రివీ కౌన్సిల్‌కి పంపారు. ఏడుగురు న్యాయమూర్తులు కూర్చున్నారు. ఇన్నేళ్ళ తర్వాత పాత తరాల కాపురాల్లోకి డీఎన్‌ఏతో చూడొచ్చా? 2016 జూన్ 20న తీర్పు: చూడొచ్చు, సాక్ష్యం చెల్లుతుంది, బిరుదు దాయాదిది. ఇలాంటి పాత వారసత్వాలు తిరగతోడటానికి గడువు పెట్టాలా వద్దా అన్నది పార్లమెంటు ఆలోచించుకోవాల్సిన విషయమని కూడా అన్నారు.

తీర్పు న్యాయమే. కానీ ఆ సర్ స్టూవర్ట్ గారిని తలుచుకుంటే నాకు బాధ వేస్తుంది. ఆయన చేసిన తప్పేముంది? చుట్టాలకి సాయం చేద్దామని నమూనా ఇచ్చారు. వందేళ్ళ కింద ఒక ఇంట్లో జరిగినది, ఆ ఇంటావిడ తనలోనే దాచుకున్నది, నలుగురి ముందుకీ వచ్చింది. అందుకే అడుగుతున్నాను: పరీక్ష చేయించే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. మన ఉమ్మిలో మన ఒక్కరి రహస్యమే ఉండదు.

ఇక అక్క కథ. అక్క పుట్టుక నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టు ఎక్కాం. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులున్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధుల నకళ్ళు ఏటేటా అక్కడికి పంపేవాళ్ళు. వాటితో తాతగారి తాత దాకా వెళ్ళాం. ఆయన నిజంగానే 1830ల్లో కంపెనీ సైన్యంలో చేరాడు. చేరినప్పుడు రాసుకునే రిజిస్టరులో వయసు, సొంత ఊరు, చేసే పని ఉంటాయి. ఊరు: ఫార్ఫర్‌షైర్‌లో, అంటే ఆంగస్‌కి అప్పటి పేరు, కిరీమ్యూర్ వైపు ఒక పల్లె. పని: నేతపని.

లార్డ్ కొడుకు కాదు, నేతగాడు. ఆ రోజుల్లో కిరీమ్యూర్ చుట్టుపక్కల ఇంటింటికీ మగ్గం. మరమగ్గాలు వచ్చాక వాళ్ళ బతుకులు ఏమయ్యాయో మన చేనేతవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తండ్రితో గొడవపడి రాలేదమ్మా ఆయన. తిండి కోసం వచ్చాడని నేను అనుకుంటున్నాను.

మరి ఆ ప్రభువుల ఇంటిపేరు? ఇక్కడే రెండు సాక్ష్యాలూ కలిశాయి. అక్క తమ్ముడు ఆస్ట్రేలియాలో పెర్త్‌లో ఉంటారు. ఆ పెర్త్ కూడా స్కాట్లాండ్ పెర్త్ పేరు మీద పెట్టిందే. ఆయన వై పరీక్ష చేయించుకున్నారు. ఆ ప్రభు వంశపు ఇంటిపేరున్నవాళ్ళు ఒక్కరితోనూ కలవలేదు. పూర్తిగా వేరే ఇంటిపేరున్న నలుగురితో దగ్గరగా కలిసింది. ఆ నలుగురి పెద్దలూ ఆంగస్ వాళ్ళే. ఎందుకిలా? ఆ పల్లె చర్చి పెద్దల సభ పుస్తకాలు తీశాను. కిర్క్ సెషన్ అంటారు. పెళ్ళి కాకుండా బిడ్డని కన్న అమ్మాయిల్ని పిలిచి, తండ్రి ఎవరని నిలదీసి, సమాధానం రాసేవాళ్ళు. 1785. ఒక పాలేరు పిల్ల, మద్రాసు వచ్చిన ఆ నేతగాడి నాయనమ్మ. ఆమె ఇంటిపేరు అక్క వాళ్ళ ఇంటిపేరు. ఆమె చెప్పిన మగవాడి ఇంటిపేరు? పెర్త్‌లో తమ్ముడి పరీక్షలో కలిసిన ఆ నలుగురి ఇంటిపేరు!

నేను ఆ కాగితం ముందు చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. 1785లో ఆ అమ్మాయి నిజమే చెప్పింది. వాళ్ళు నమ్మారో లేదో తెలియదు, మూడు ఆదివారాలు అందరి ముందూ పశ్చాత్తాపపు పీట మీద నిలబెట్టారు. ఆమె మాట నిజమని ఇంతకాలానికి, ఆమె వంశంలో పుట్టిన అక్క తమ్ముడి ఉమ్మితో తేలింది. అక్క వాళ్ళ ఇంటిపేరు ప్రభువు ఇచ్చింది కాదు, ఆమె ఇచ్చింది.

ఫోన్లో ఈ సంగతి చెప్తే అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ పిల్లకి తర్వాత ఏమైంది తమ్ముడూ?" అని అడిగారు. లార్డ్ గురించి అడగలేదు. ఔనా అక్కా? చనిపోయిన ఏడు దొరికింది, మగ్గం ఇంట్లోనే, కొడుకు దగ్గరే.

ఇంకొక్క మనిషి మిగిలారు. మద్రాసు వచ్చిన ఆ నేతగాడు ఇక్కడ ఒకామెతో కాపురం పెట్టాడు. పిల్లల బాప్తిస్మాల్లో తల్లి పేరు "మేరీ" అని మాత్రమే ఉంది. ఇంటిపేరు లేదు, తండ్రి పేరు లేదు, ఊరు లేదు. అప్పటి పుస్తకాల్లో మన ఆడవాళ్ళని అలాగే రాశారు, అసలు రాయని చోట్లే ఎక్కువ. పెద్దింటి పిల్లలకి కూడా తప్పలేదు. మన కోఠీ రెసిడెన్సీలో ఉన్న బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్, ఆయన భార్య ఖైరున్నిసాల కూతురు సాహిబ్ బేగం 1805లో ఓడెక్కింది. 1806లో లండన్‌లో బాప్తిస్మమిచ్చి కేథరిన్ అరోరా అన్నారు. ఆమెకి పలుకుబడి ఉన్న కుటుంబం ఉంది కాబట్టి దాదాపు నలభై ఏళ్ళ తర్వాతైనా హైదరాబాద్‌లో అమ్మమ్మతో ఉత్తరాలు నడిచాయి. ఈ మేరీకి ఎవరున్నారు?

ఆమె మైటోకాండ్రియా అక్కలో లేదు, ఎందుకంటే ఆమె అక్కకి నాన్న వైపు మనిషి. కొడుకుల దారిలో అది ఆగిపోయింది. ఆమె కూతురి కూతురి కూతురి వరస ఎక్కడైనా మిగిలి ఉంటేనే తెలుస్తుంది. ఆ సైనికుడికి ఒక కూతురుంది. బళ్ళారి కంటోన్మెంటులో పెళ్ళయింది. ఆ అల్లుడి పిల్లలు తర్వాత రైల్వేలో చేరి గుత్తి, గుంతకల్ వైపు వెళ్ళారు. అక్కడితో కాగితం ఆగింది, మేమూ అక్కడే ఆగాం.

ఈ హాల్లో రైల్వే కుటుంబాలవాళ్ళు చాలామంది ఉన్నారు. గుంతకల్ క్వార్టర్స్‌లో, గుత్తి లోకో షెడ్డు దగ్గర పెరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే, మీ అమ్మమ్మల తల్లుల్లో బళ్ళారి నుంచి వచ్చినవాళ్ళ మాట ఎప్పుడైనా విని ఉంటే, దయచేసి వెళ్ళేముందు మూడో వరసలో అక్కని కలవండి. ఆ పల్లె చర్చి కాగితం నకలు, బళ్ళారి పెళ్ళి కాగితం నకలు, ఆ వెండి ఉంగరం, మూడూ ఆవిడ సంచిలో ఉన్నాయి. చూపిస్తారు.